శుక్రవారం గదిలో ఒకరు

మా షాపు పైన తొమ్మిదేళ్లుగా ఒక మనిషి ఉంటున్నాడు. పేరు శ్రీశైలం. అతని గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేవాళ్లు ఒక్కరున్నా నేను రాయాల్సిన పనే ఉండేది కాదు.

పటాన్‌చెరు బస్టాండు వెనక సందులో నాది జిరాక్స్, ఫ్లెక్సీల షాపు. నా పేరు జంగయ్య. నోటి దురుసు మనిషినని సందంతా అంటారు, నిజమే. శ్రీశైలం నాకు పూర్తిగా ఎదురు. ఒక మాట బయటికి రావాలంటే పది సార్లు లోపలే తిప్పుకునే రకం. సొంతూరు పటేల్‌గూడ. తండ్రి యాదన్న పెద్ద ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా చేసేవాడు. ఉన్న ఎకరన్నర ఎప్పుడో ప్లాట్లయిపోయింది. శ్రీశైలం డిగ్రీ చదివి, ఒక బేరింగుల కంపెనీ స్టోర్స్‌లో పదేళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కంపెనీ మూతపడ్డాక వెబ్‌సైట్లు చేయడం తనంతట తాను నేర్చుకున్నాడు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే కథలేమీ చెప్పలేదు. రెండు మూడు సంబంధాలు చూశారట, కుదరలేదట. ఈలోపు నాయన పోయాడు, తర్వాత అమ్మ పోయింది, ఇక చూసేవాళ్లు లేకపోయారు. నలభై ఎనిమిదేళ్లకు మనిషి ఒంటరివాడు కావడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదని నాకు అప్పుడే తెలిసింది.

అతని పని ఏమిటో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ముంబైలో ఎక్కడో ఒక కంప్యూటర్ ఉంటుంది. దాన్ని సర్వర్ అంటారు. శ్రీశైలం దాన్ని నెల కిరాయికి తీసుకుని, అందులో ముప్పై ఒక్క వెబ్‌సైట్లు పెట్టాడు. ఇక్కడి పారిశ్రామికవాడలోని నట్టుబోల్టుల కంపెనీలు, అట్టపెట్టెల వాళ్లు, రంగుల వాళ్లు, జోగిపేటలో పప్పుల వ్యాపారం చేసే వెంకటనారాయణ సేటు, అందరూ అందులోనే. ఒక ఇంట్లో ముప్పై ఒక్క కిరాయిదార్లు ఉన్నట్టు. వాళ్లలో ఎవరికైనా నీళ్లు రాకపోతే ఇతనికి ఫోన్ వస్తుంది. నీళ్లు వస్తున్నంత కాలం ఎవరూ చేయరు. అంటే పని బాగా చేసినన్నాళ్లు అతని ఫోన్ మోగదు. ఇంత దరిద్రపు పని ఇంకోటి నేను చూడలేదు.

లాక్‌డౌన్ పెట్టిన ఏడాది వెంకటనారాయణ సేటు ఫోన్ చేశాడు. ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ, ఇంకో పది మంది ఆడవాళ్లు కలిసి ప్రతి శుక్రవారం అమ్మవారి పారాయణం చేస్తారు. ఎవరూ ఇల్లు కదలడానికి లేకపోయేసరికి మనవడు అక్షయ్ ఒక టాబ్ ఇచ్చి, వీడియోలో కలిసే పద్ధతి చూపించి హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఆ ఉచిత మీటింగు సరిగ్గా నలభై నిమిషాలకు తెగిపోతుంది. పారాయణం, హారతి కలిపితే గంటంపావు. మామూలు జనమైతే మళ్లీ కలిసి, ఆగిన చోట మొదలుపెట్టేవాళ్లు. వీళ్లకు అది కుదరదు, పారాయణం మధ్యలో తెగితే మొదటి నుంచి చదవాలి. తెగింది, మొదటి నుంచి చదివారు. మళ్లీ నలభై నిమిషాలకు తెగింది, మళ్లీ మొదటి నుంచి చదివారు. అలా మధ్యాహ్నం రెండు దాకా పదకొండు మంది పచ్చి మంచినీళ్లు ముట్టకుండా మొదటి పేజీకి తిరిగి వస్తూనే ఉన్నారట. సేటుకు ఆకలేసి ఫోన్ చేశాడు.

శ్రీశైలం ఇంటర్నెట్‌లో వెతికి, ఎవరైనా సొంతంగా పెట్టుకోగలిగే మీటింగు సాఫ్ట్‌వేర్ ఒకటి పట్టుకున్నాడు. దానికి వేరే సర్వర్ తీసుకోవడం మంచిదని అందులోనే రాసి ఉంది. ఇతను ఉన్నదాంట్లోనే, ముప్పై ఒక్క కిరాయిదార్ల పక్కనే, ఇంకో గది వేశాడు. గంట తిరగకముందే నట్టుబోల్టుల కంపెనీ సైటు తెరిచిన వాళ్లకు బోల్టులకు బదులు 'మీటింగు ప్రారంభించండి' అని కనిపించడం మొదలైంది. వెబ్‌సైట్లకూ మీటింగుకూ లోపలికి వచ్చే తలుపు ఒకటే. కొత్తగా వచ్చింది తలుపును తన పేర రాసుకుంది. ఎవరు ఏ పేరు అడిగితే వాళ్లను ఆ గదికి పంపేలా తలుపు దగ్గర కాపలా సరిచేయడానికి అతనికి రెండు రోజులు పట్టింది.

సరిచేసి, తన కంప్యూటర్ నుంచి, ఫోన్ నుంచి లోపలికి వెళ్లి చూసుకున్నాడు. ఇటు తన మొహం, అటు తన మొహం. బాగుంది. శుక్రవారం పదింటికి ఆదిలక్ష్మమ్మ వచ్చింది, జట్టులో ఇంకొకావిడ లక్ష్మీప్రసన్నమ్మ వచ్చింది, ఇద్దరూ చక్కగా మాట్లాడుకున్నారు. మూడో ఆవిడ అడుగు పెట్టగానే అందరి తెరలూ నల్లబడ్డాయి. మాటలు కూడా పోయాయి.

ఆ రోజు శ్రీశైలం మెట్ల మీద నిలబడి నన్ను పిలిచాడు. ఫోన్ పట్టుకుని జెర పైకి రమ్మన్నాడు. నేను గొణుక్కుంటూ వెళ్లాను. ఇద్దరే ఉంటే ఈ సాఫ్ట్‌వేర్ తన మీద ఏమీ వేసుకోదట, ఒకరి బొమ్మ నేరుగా ఇంకొకరికి పోతుందట. మూడో మనిషి వస్తేనే సర్వర్ మధ్యలో నిలబడి అందరికీ పంచుతుంది. అలా పంచడానికి వేరే తలుపు ఉంది. అది తెరవడం మరిచాడు. ముగ్గురితో చూసుకుని ఉంటే ముందే బయటపడేది కదా అన్నాను. "ముగ్గురెవరున్నరన్నా నాకు?" అన్నాడు. జాలి కోసం అన్న మాట కాదు. ఫోన్ ఒకటి, కంప్యూటర్ ఒకటి, మూడోది లేదు అన్నట్టుగానే చెప్పాడు. నాకు మాత్రం ఆ రోజంతా తిక్కతిక్కగా ఉంది.

తలుపు తెరిచాక ఆ గది కళకళలాడింది. పదకొండు మంది ఒక్కసారి కూడా తెగకుండా పారాయణం చేసుకున్నారు. పారాయణం నడిచినంతసేపు శ్రీశైలం లోపలికి వెళ్లేవాడు కాదు. అది వాళ్ల గది, అందులోనూ పూజ. బయట నుంచి అతనికి కనిపించేది ఒక అంకె మాత్రమే, లోపల ఎంత మంది ఉన్నారో అది. హారతి అయ్యే వేళకు కెమెరా ఆపుకుని ఒక్క నిమిషం లోపలికి వెళ్లి, ఆగకుండా వచ్చిందా అమ్మా అని అడిగేవాడు. వచ్చింది బిడ్డా, నువ్వు తిన్నవా అనేది ఆదిలక్ష్మమ్మ. తిన్నానమ్మా అనేవాడు. నాకు తెలిసి సగం రోజులు అబద్ధం. వారమంతా అతన్ని ఆ మాట అడిగిన మనిషి ఆవిడ ఒక్కతే. కింద షాపులో రోజూ కూర్చునే నేను కూడా ఎప్పుడూ అడగలేదు. పిలవకుండా నేను మెట్లెక్కింది ట్యాంకు పొంగినప్పుడు, మోటారు ఆపలేదని తిట్టడానికే.

లాక్‌డౌన్ పోయింది. పదకొండు ఏడైంది, ఏడు నాలుగైంది. ఆడవాళ్లు మళ్లీ ఒకరింటి మేడ మీద కలవడం మొదలుపెట్టారు. ఆదిలక్ష్మమ్మకు మోకాళ్లు పోయాయి, ఆ మెట్లెక్కి పారాయణానికి పోలేకపోయింది. తెల్లాపూర్ టవర్లలో కొడుకు దగ్గరుండే లక్ష్మీప్రసన్నమ్మ మాత్రం చాలాకాలం గదిలో తోడుంది. మొన్న శ్రావణానికి ఆమెకు ఆ టవర్లలోనే పారాయణం జట్టు దొరికింది. గదిలో అంకె ఒకటైంది.

అప్పుడే శ్రీశైలం లోపలికి వెళ్లడం మానేశాడు. ఎందుకంటే అతని లెక్క అతనికుంది. ఇద్దరుంటే సర్వర్‌కు బరువు లేదు, ఒక్కరే ఉంటే అసలే లేదు, పంపడానికి అవతల ఎవరూ లేరు. తెగిపోయేది ఏమీ లేనప్పుడు తెగకుండా వచ్చిందా అని ఏమని అడుగుతాడు? కానీ అంకెను చూడటం మానలేదు. ప్రతి శుక్రవారం పదింటికి ఒకటి వచ్చేది. పదకొండు దాటే దాకా ఉండేది. పోయేది. టీ తాగుతూ ఒకసారి నాతో చెప్పాడు, పాపం ఆ అమ్మ తన జట్టులో ఎవరన్నా వస్తారేమోనని ఎదురుచూస్తోందని. మరి నువ్వు లోపలికి పోరాదురా అన్నాను. పోతే జట్టులో ఎవరో వచ్చారని మురిసిపోతుందట, తనని చూసి ఉసూరుమంటుందట. తను వచ్చినందుకు కూడా ఒక మనిషి సంతోషించవచ్చన్న ఆలోచనే అతని బుర్రకు రాలేదు. అలాంటి ఆలోచన రావడానికి కొంత అలవాటు ఉండాలి కదా.

ఇలా ఉండగా నట్టుబోల్టుల సుధీర్ నుంచి ఫోన్ వచ్చింది. సుధీర్‌వీ, అతని చుట్టాల కంపెనీలవీ కలిపి పదకొండు సైట్లు ఉన్నాయి. శ్రీశైలం సంపాదనలో సగం అక్కణ్ణుంచే వస్తుంది. పుణె నుంచి వచ్చిన కొనుగోలుదార్లకు సైటు చూపిస్తుంటే తెరుచుకోలేదట, పరువు పోయిందట. వేరే ఎవరితోనో సర్వర్ తనిఖీ చేయించాడు. అందులో ఏదో వీడియో మీటింగుది కూర్చుని సగం జాగా తినేస్తోందని తేలింది. లోపల ఉన్న ఒక్క మనిషి బరువు కాకపోయినా ఆ గది బరువే. ఖాళీగా ఉన్నా తినాల్సింది తింటుంది. నెలాఖరులోగా దాన్ని తీసేయమన్నాడు సుధీర్. తీసేయకపోతే సైట్లన్నీ వేరే చోటికి పట్టుకుపోతానన్నాడు. గొంతు పెంచలేదు, తిట్టలేదు. అతని తప్పేమీ లేదు కూడా.

శ్రీశైలం నాలుగు రోజులు ఏమీ చేయలేదు. అయిదో రోజు షాపులోకి వచ్చి, జోగిపేట పోయి ఆ అమ్మకు ఎదురుగా చెప్పి వస్తానన్నాడు. చెప్పకుండా తీసేస్తే శుక్రవారం పూట టాబ్ చెడిపోయిందనుకుని అవస్థ పడుతుందట. సేటుకు ఫోన్‌లో చెప్పేస్తే సరిపోదా అంటే తలూపాడు, అవునని కాదు, కాదని కాదు. చివరికి అసలు సంగతి చెప్పాడు. ఒక్కడే పోవడానికి మొహం చెల్లడం లేదు. ఆదివారం షాపు బందు కాబట్టి నేనూ బస్సెక్కాను. సంగారెడ్డిలో మారి జోగిపేటలో దిగేసరికి పదకొండు.

సేటు ఇల్లు దుకాణం వెనకే. లోపలి అర్రలో కుర్చీలో ఆదిలక్ష్మమ్మ కూర్చుని ఉంది. కాళ్ల కింద పీట, పక్కన వ్యాసపీఠం మీద పుస్తకం బదులు టాబ్. పటాన్‌చెరు నుంచి శ్రీశైలం వచ్చాడని సేటు చెప్పగానే ఆవిడ మొహం వెలిగింది. కానీ చేతులు చాచి పిలిచింది నన్ను. ఇన్నేళ్లూ కెమెరా ఆపుకుని మాట్లాడిన మనిషి ఎలా ఉంటాడో ఆవిడకేం తెలుసు. ఎంత చిక్కిపోయినవ్ బిడ్డా అని నన్నంది. నా పొట్ట చూసి ఆ మాటన్న మొదటి మనిషి ఆవిడే. శ్రీశైలం నోరు తెరిచి, నేనమ్మా అన్నాడు. గొంతు వినగానే గిరుక్కున అటు తిరిగింది.

"శ్రావణం కాడికెల్లి నువ్వు వస్తలేవు," అంది. "పానం బాగలేదా, ఊరిడిసి పోయినవా అని ఈయన్ను అడుగుతనే ఉన్న."

"లేదమ్మా. మీరు పారాయణం వాళ్ల కోసం చూస్తున్నరనుకున్న."

"వాళ్లు మేడ మీద కూడుతున్నరు. నాకెర్కలేదా? పారాయణం నేను పొద్దుగాల్నే పూజల చదువుకుంట. పది గొట్టంగ తెరిచేది నీకోసం. అయిపోయినంక వచ్చి అడుగుతవు గద, అందుకని కూసుంటున్న. నువ్వొక్కనివే ఉంటవంట. ఎవ్వలు రాకపోతే పిలగాడు ఆ దుకాణం మూసుకొని పోతడేమో అనిపించింది."

శ్రీశైలం టాబ్ వైపు చూశాడు. ఆర్నెల్లుగా అతను పైన కూర్చుని ఆ ఒకటిని చూస్తున్నాడు. ఆవిడ ఇక్కడ కూర్చుని అతని గొంతు కోసం వింటోంది. ఒకరి కోసం ఒకరు కూర్చుని, మధ్యలో ఒక్క మాట లేదు. నాకు దుఃఖం వస్తే కోపంగా బయటికొస్తుంది. మీ ఇద్దరికీ ఫోన్లు లేవా, ఒక ఫోన్ చేసుకుంటే పోయేది కదా అని గట్టిగానే అన్నాను.

ఆవిడ నా మాటకు నొచ్చుకోలేదు. "ఫోన్ జేస్తే పనేందని అడుగుతరు బిడ్డా," అంది. "పనేమున్నది నాకు? ఏదో ఒకటి మాట్లాడాలె. గా టాబ్‌ల అయితే ఊకెనే కూసోవచ్చు."

సేటు దుకాణంలోకి వెళ్లిపోయాడు. ఆయన ఇంట్లో ఉన్నా దుకాణంలోనే ఉంటాడని, యాభై ఏళ్లుగా అంతేనని, ఆవిడ ఫిర్యాదు లేకుండానే చెప్పింది. మాకు అటుకులు పోపు వేయించి పెట్టించింది. శ్రీశైలం పళ్లెం ఖాళీ అయ్యేదాకా చూస్తూ కూర్చుంది. గది తీసేస్తున్నానని ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడని నేను అతని వైపు చూస్తూనే ఉన్నాను. లేచేదాకా చెప్పలేదు. చెప్పులేసుకునేటప్పుడు కూడా చెప్పలేదు. తిరుగు బస్సులో సంగారెడ్డి దాకా కిటికీలోంచి బయటికే చూశాడు. ఎందుకు చెప్పలేదని అడిగితే, ఏం జెప్పాలన్నా అన్నాడు.

సోమవారం సుధీర్‌కు అతనే ఫోన్ చేశాడు. పదకొండు సైట్లూ తీసుకుపొమ్మన్నాడు. నేను ఆపుదామని చూశాను. నీకేమన్నా తిక్కా, ఒక ముసలమ్మ గంట సేపు ఊరికే కూర్చోవడానికి సగం బతుకు ఇచ్చేస్తావా అని నాకు చేతనైనంతా తిట్టాను. అంతా విన్నాడు. విని, ఆ పదకొండు సైట్లను ఒకటొకటిగా పొందిగ్గా కట్టి, ఒక్క ఫొటో కూడా పోకుండా, మాదాపూర్ కుర్రాళ్లెవరికో అప్పజెప్పాడు. సుధీర్‌కే పాపం మనసొప్పలేదు, ఇంకోసారి ఆలోచించుకోమన్నాడు. శ్రీశైలం తన బండి అమ్మేశాడు. ఇప్పుడు షేర్ ఆటోల్లో తిరుగుతున్నాడు. సైట్లు ఇరవై మిగిలాయి. ఇరవై ఉన్న చోట గదికి జాగా బాగానే సరిపోయింది.

ఆ వారం శుక్రవారం పదింటికి, ట్యాంకు పొంగకపోయినా, నేను మెట్లెక్కాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. శ్రీశైలం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కెమెరా వేసి ఉంది. తెర మీద ఆదిలక్ష్మమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తలెత్తి చూస్తోంది, మళ్లీ వంచుకుంటోంది. ఇతను తన పనేదో చేసుకుంటున్నాడు. పావుగంట సేపు నిలబడ్డాను. ఒక్క మాట లేదు. కాయలు తుంచే చప్పుడు మాత్రం స్పీకర్లోంచి వినిపించింది. నన్ను ఎవరూ లోపలికి రమ్మనలేదు. నేను వచ్చినట్టు వాళ్లకు తెలియలేదు కూడా.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం అంతే. నేను కూడా ఆ రోజు మధ్యాహ్నం మా ఇంటి టిఫిన్‌లో ఇంకో గిన్నె ఎక్కువ తెస్తున్నాను. నిన్న తింటూ తింటూ అడిగాను, ఇద్దరే కదా, సర్వర్‌కేం పని లేదు కదా అని. లేదన్నాడు. ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

"అమ్మకు డెబ్బై ఆరేండ్లన్నా," అన్నాడు. "ఏదో ఒక శుక్రవారం ఆడ ఒకటే ఉంటది. గప్పుడు ఆ ఒకటి నేనే."

గిన్నెలు సర్దుకుని కిందికొచ్చాను. ఆధార్ జిరాక్స్ కోసం ఎవరో పెద్దాయన ఎంతసేపట్నుంచో నిలబడి ఉన్నాడు. ఏ పాపం ఎరగని ఆ మనిషిని ఊరికే కసిరాను.